ఒకే సత్తువ, మూడు దారులు: గ్రాఫిక్స్ కార్డుకి తగ్గ మానిటర్

(కంప్యూటర్ ఆటలంటే ఇష్టమున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? చెయ్యెత్తండి. ఆ, వినపడుతోంది, సరే.

నేను కంప్యూటర్లు బిగించే పని చేస్తాను. ఆటల కోసం కొనుక్కునేవాళ్ళకి విడిభాగాలు ఎంచి, బిగించి, ఆన్ చేసి చూపించి ఇస్తాను. ఈ పనిలో నన్ను రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నా దగ్గర ఫలానా గ్రాఫిక్స్ కార్డు ఉంది, దానికి ఏ మానిటర్ కొనాలి?" ఒక్క ముక్కలో చెప్పెయ్యమంటారు. నేను చెప్పను. తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. నువ్వు ఎక్కువగా ఏ ఆట ఆడతావు? ఆ ఆటలో ఇప్పుడు నీకు సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే కార్డు గీసిన బొమ్మలు, వస్తున్నాయి? మొదటిదానికి జవాబు టక్కున వస్తుంది. రెండోదానికి రాదు. కార్డు పేరు చెప్తారు, దాని మెమరీ ఎంతో చెప్తారు, ఫ్యాన్లు ఎన్నో కూడా చెప్తారు. ఫ్రేములు మాత్రం ఎప్పుడూ చూసుకుని ఉండరు.

మరి మానిటర్‌కి కార్డు పేరుతో పనేముంది? చెప్పండి. తీగ గుండా మానిటర్‌కి చేరేవి బొమ్మలు. ఎంత పెద్ద బొమ్మ, సెకనుకి ఎన్ని బొమ్మలు. ఈ రెండే చేరతాయి. కార్డుకి తగ్గ మానిటర్ అంటే ఈ రెండు లెక్కలకీ తగ్గ మానిటర్. ఈ పూట ఆ లెక్కే వేద్దాం. కాగితం ఉన్నవాళ్ళు తియ్యండి, నిజంగానే వేద్దాం.

ముందు బొమ్మ సైజు. 1080పీ అంటాం కదా, అడ్డంగా 1920 పిక్సెల్స్, అంటే తెర మీది చుక్కలు, నిలువుగా 1080. హెచ్చవేస్తే 20,73,600. అంటే ఒక్క ఫ్రేము గియ్యాలంటే కార్డు దాదాపు 21 లక్షల చుక్కలకి రంగు తేల్చాలి. 1440పీ అయితే 2560 ఇంటూ 1440, దాదాపు 37 లక్షలు. 4కే అయితే 3840 ఇంటూ 2160, దాదాపు 83 లక్షలు. 4కే అనగానే చాలామంది 1080కి రెట్టింపు అనుకుంటారు, 2160 అనే అంకె చూసి. రెట్టింపు కాదండీ, సరిగ్గా నాలుగు రెట్లు. అడ్డం రెట్టింపు, నిలువు రెట్టింపు.

ఇప్పుడు సెకనుకి ఎన్ని అన్నది కలుపుదాం. 4కే మానిటర్, 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 బొమ్మలు చూపించేది. సెకనుకి ఎన్ని చుక్కలు? 49 కోట్ల 76 లక్షలు. పక్కన రాసుకోండి. 1080పీ మానిటర్, 240 హెర్ట్జ్. ఎంత వచ్చింది? వెయ్యండి, నేను ఆగుతాను. అదే 49 కోట్ల 76 లక్షలు! ఒక్క చుక్క తేడా లేదు. నాలుగో వంతు బొమ్మ, నాలుగు రెట్ల వేగం. మరి 1440పీ, 144 హెర్ట్జ్? 53 కోట్లు. అది కూడా ఆ దగ్గర్లోనే ఉంది.

చూశారా? అంగట్లో ఈ మూడు మానిటర్లూ మూడు వేరే లోకాల్లా కనిపిస్తాయి. కార్డు వైపు నుంచి చూస్తే మూడూ ఇంచుమించు ఒకే పని అడుగుతున్నాయి. మీ కార్డుకున్న సత్తువ ఒక్కటే. దాన్ని చుక్కల మీద ఖర్చుపెడతారా, వేగం మీద ఖర్చుపెడతారా, నడిమధ్యన నిలబడతారా? మానిటర్ ఎంచుకోవడమంటే ఇది తేల్చుకోవడమే. అందుకే నేను ముందుగా ఏ ఆట ఆడతావని అడిగేది.

ఎదుటివాడు మూల మలుపు తిరిగి బయటికొచ్చిన క్షణంలో గురిపెట్టాల్సిన ఆటలున్నాయి. కౌంటర్ స్ట్రైక్, వాలొరంట్ లాంటివి. అక్కడ గోడ మీది ఇటుకల అందం ఎవరూ చూడరు. అక్కడ వేగం కావాలి. కథ నడుస్తూ, అడవులూ కొండలూ తిరిగే ఆటలున్నాయి. సైబర్‌పంక్ 2077 లాంటిది పెట్టుకుని ఒక వీధి చివర నిలబడితే, వాన నీళ్ళలో దీపాల వెలుగు పడుతుంటే, అక్కడ చుక్కలు కావాలి. ఒకే మనిషి రెండూ ఆడతాడు, నాకు తెలుసు. అప్పుడు ఏది ఎక్కువ ఆడతాడో అది. నిజంగా రెండూ సమానమైతే నడిమధ్య దారి, అంటే 27 అంగుళాల 1440పీ. నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్ళేది అదే, నా బల్ల మీద ఉన్నదీ అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చుక్కల లెక్క సమానమైనా ఆ మూడు మానిటర్లూ ప్రాసెసర్‌ని ఒకేలా అడగవు. కార్డు బొమ్మ గీసే ముందు, ఆ బొమ్మలో ఎవరు ఎక్కడున్నారు, ఏ తలుపు తెరుచుకుంది, తూటా ఎటు పోతోంది, ఇదంతా ప్రాసెసర్ లెక్కగట్టి కార్డుకి అందించాలి. ఆ పని ఒక్కో ఫ్రేముకి ఒక్కోసారి. బొమ్మ పెద్దదా చిన్నదా అన్నదానితో దానికి పెద్దగా పని లేదు. కాబట్టి 4కే 60 అయితే ప్రాసెసర్ సెకనుకి 60 సార్లు అందిస్తే చాలు. 1080పీ 240 అయితే 240 సార్లు అందించాలి, అంటే ప్రతి 4.2 మిల్లీసెకన్లకీ ఒకసారి. పాత ప్రాసెసర్ పెట్టుకుని, మంచి కార్డు కొని, 240 హెర్ట్జ్ మానిటర్ తెచ్చుకుంటే ఏమవుతుంది? కార్డు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పని అందితే కదా గీసేది.

మీ ఇంట్లో ఈ పరీక్ష చెయ్యండి. మీరు ఆడే ఆట తెరిచి, ఫ్రేముల లెక్క తెర మీద చూపించే ఏర్పాటు పెట్టుకోండి. ఆటలోనే ఉంటుంది, లేకపోతే కార్డు డ్రైవర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. వీ-సింక్ (కార్డుని మానిటర్ కోసం ఆపే ఏర్పాటు, దాని సంగతి తర్వాత చెప్తాను) ఆపండి, ఫ్రేముల పరిమితి ఏదైనా ఉంటే తీసెయ్యండి. కాసేపు ఆడి ఎంత వస్తోందో చూడండి. ఇప్పుడు రెజల్యూషన్, అంటే ఆ చుక్కల లెక్క, ఒక మెట్టు తగ్గించి అదే చోట మళ్ళీ ఆడండి. ఫ్రేములు బాగా పెరిగాయా? అయితే ఇప్పటిదాకా పట్టి ఉంచింది కార్డు. ఎక్కడివక్కడే ఉన్నాయా? అయితే పట్టి ఉంచింది ప్రాసెసర్. ఈ రెండో రకం వాళ్ళకి నేను సంతోషంగా చెప్పే మాట ఒకటుంది. మీ కార్డులో ఖర్చుకాని సత్తువ మిగిలి ఉంది, మీరు పెద్ద రెజల్యూషన్‌కి వెళ్ళొచ్చు, ఫ్రేములు పెద్దగా తగ్గవు. పది నిమిషాల పరీక్ష అండీ. ఇది చెయ్యకుండా మానిటర్ కొనకండి.

ఇంకో మాట. సగటు ఫ్రేముల్ని నమ్ముకోవద్దు. సగటు 110 వస్తోందంటారు. గొడవ పెరిగి తెరంతా పొగ, పేలుళ్ళు నిండినప్పుడు ఎంతకి పడుతోంది? 55కా, 85కా? ఆ కింది అంకె రాసుకోండి. మీరు ఆట ఓడిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే కదా.

సరే, కార్డు సంగతి తెలిసింది. ఇప్పుడు మానిటర్ వైపు వద్దాం. ఈ బల్ల మీద రెండు మానిటర్లు పెట్టాను, చూస్తున్నారు కదా. రెండూ ఒకే సైజు, ఒకే కంప్యూటర్‌కి తగిలించి ఉన్నాయి. ఎడమది 60లో పెట్టాను, కుడిది 144లో. తమ్ముడూ, ముందు వరసలో నువ్వు, ఇలా రా. మౌస్ పట్టుకో. ఎడమ తెర మీద బాణాన్ని గబగబా గుండ్రంగా తిప్పు. ఆపకుండా తిప్పు. ఎన్ని బాణాలు కనపడుతున్నాయి? దూరం దూరంగా విడివిడిగా ఉన్నాయి కదా. ఇప్పుడు కుడి తెర మీదికి తీసుకెళ్ళి అదే వేగంతో తిప్పు. దగ్గర దగ్గరగా వచ్చేశాయి, అవునా? వెనక వాళ్ళకి కనపడకపోవచ్చు, అయ్యాక వచ్చి మీరూ తిప్పి చూడండి. థాంక్స్ తమ్ముడూ, కూర్చో.

అక్కడ జరిగింది అంకెల్లో చెప్తాను. ఒక వస్తువు తెర ఈ చివర నుంచి ఆ చివరకి అర సెకనులో దాటింది అనుకోండి. 1920 పిక్సెల్స్ దూరం. 60 హెర్ట్జ్‌లో ఆ అర సెకనులో 30 బొమ్మలు. అంటే ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య ఆ వస్తువు 64 పిక్సెల్స్ దూకుతోంది. 144లో 72 బొమ్మలు, దూకేది దాదాపు 27. 240లో 120 బొమ్మలు, దూకేది 16. 64 నుంచి 27కి రావడం కళ్ళకి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 27 నుంచి 16కి రావడం? తెలుస్తుంది, కాదనను, కానీ అంతగా కాదు. సమయంలో చెప్పినా అంతే. 60లో బొమ్మకీ బొమ్మకీ మధ్య 16.7 మిల్లీసెకన్లు, 144లో 6.9, 240లో 4.2. మొదటి అడుగులో దాదాపు 10 మిల్లీసెకన్లు మిగిలాయి. రెండో అడుగులో మూడు కూడా మిగల్లేదు. కాబట్టి ఇప్పుడు 60లో ఉన్నవాళ్ళు 144కో 165కో తప్పకుండా వెళ్ళండి, కార్డు మధ్యరకందైనా సరే వెళ్ళండి. 144లో ఉన్నవాళ్ళు 240కి వెళ్ళాలంటే మాత్రం, ఆడేది గురిచూసే ఆటలేనా, కార్డూ ప్రాసెసరూ ఆ లెక్క అందుకుంటున్నాయా, ఈ రెండూ చూసుకుని వెళ్ళండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటికి వచ్చాం. కాస్త నెమ్మదిగా చెప్తాను.

మానిటర్ గడియారం ఒకటి. కార్డు గడియారం ఒకటి. మానిటర్‌ది నిక్కచ్చి. 60 హెర్ట్జ్ అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకీ, వానొచ్చినా వరదొచ్చినా, తెరని పైనుంచి కిందికి ఒకసారి తిరగరాస్తుంది. కార్డుది అలా కాదు. ఖాళీ గది అయితే 8 మిల్లీసెకన్లలో గీసేస్తుంది, పేలుడు జరిగితే 20 పడుతుంది. ఈ రెండు గడియారాలూ కలవవు. తెర సగం తిరగరాసేసరికి కార్డు కొత్త బొమ్మ పంపిందనుకోండి, పై సగంలో పాత బొమ్మ, కింది సగంలో కొత్త బొమ్మ. మీరు గిర్రున పక్కకి తిరిగినప్పుడు ఎదురుగా ఉన్న స్తంభం నడుము దగ్గర విరిగి పక్కకి జరిగినట్టు కనపడుతుంది. చూసే ఉంటారు. దాన్నే టియరింగ్ అంటాం.

దానికి పాత మందు వీ-సింక్. మానిటర్ కొత్తగా రాయడం మొదలెట్టే వరకూ ఆగు, అప్పుడే బొమ్మ ఇవ్వు అని కార్డుకి చెప్పడం. బాగానే ఉంది. కానీ బొమ్మకి 20 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. 16.7 దగ్గర బండి తప్పింది. తర్వాతి బండి 33.3 దగ్గర. మూడు మిల్లీసెకన్లు ఆలస్యం అయినందుకు ఇంకో పదమూడు ఎదురుచూడాలి. అది మీ చేతికి తెలుస్తుంది. మౌస్ కదిపితే తెర బరువుగా లాగినట్టుంటుంది, అక్కడక్కడ తట్టుకుంటుంది. ఆ తట్టుకోవడమే స్టటర్.

ఈ చిక్కు విడిపోయింది 2013లో. కార్డుల కంపెనీ ఎన్విడియా జీ-సింక్ అని ప్రకటించింది. అందులోని ఆలోచన ఎంత సూటిగా ఉందో చూడండి. కార్డుని మానిటర్ గడియారానికి కట్టెయ్యడం ఎందుకు, మానిటర్‌నే కార్డు కోసం ఆగమందాం. బొమ్మ 20 మిల్లీసెకన్లకి వస్తే తెర 20కి తిరగరాస్తుంది, 9కి వస్తే 9కి. అప్పట్లో దానికి మానిటర్ లోపల ప్రత్యేకమైన బోర్డు కావాల్సి వచ్చేది. 2014లో వెసా (VESA) అనే ప్రమాణాల సంస్థ ఇదే సంగతిని అడాప్టివ్-సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్‌లోకి, అంటే కార్డుకీ మానిటర్‌కీ మధ్య వాడే ఒక రకం తీగ ప్రమాణంలోకి, తెచ్చింది. దాని మీద ఇంకో కార్డుల కంపెనీ ఏఎండీ ఫ్రీసింక్ మానిటర్లు 2015లో వచ్చాయి. కొన్నేళ్ళు రెండు శిబిరాలు. ఈ కార్డుకి ఆ మానిటర్ పనికిరాదు, ఆ కార్డుకి ఈ మానిటర్ పనికిరాదు. 2019 జనవరిలో ఎన్విడియా కూడా తన డ్రైవర్‌లో అడాప్టివ్-సింక్ మానిటర్లకి తలుపు తెరిచింది. ఇప్పుడు ఆ గోడ చాలావరకు లేదు. మీరు ఏ కంపెనీ కార్డు పెట్టుకున్నా అడాప్టివ్-సింక్ ఉన్న మానిటర్ కొనుక్కోవచ్చు.

అయితే ఒక్కటి చూడాలి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 144 అని, 180 అని రాసుంటుంది. అది పైకప్పు. నేల ఎక్కడుంది? అడాప్టివ్-సింక్ ఏ అంకె నుంచి ఏ అంకె దాకా పనిచేస్తుందో అది చూడాలి. 48 నుంచి 144 అని ఉంటే మంచిది. ఫ్రేములు 48 కిందికి పడినా ఇబ్బంది లేదు. 40 వస్తున్నాయనుకోండి, ఒక్కో ఫ్రేముని రెండేసి సార్లు చూపించి మానిటర్ 80లో నడుస్తుంది. 80 ఆ 48-144 మధ్యలోనే ఉంది కదా. మరి 48 నుంచి 75 దాకా మాత్రమే పనిచేసే మానిటర్ అయితే? 40ని రెట్టింపు చేస్తే 80, పైకప్పు 75. పట్టదు. మళ్ళీ టియరింగ్, మళ్ళీ స్టటర్. కాబట్టి పై అంకె కింది అంకెకి రెండు రెట్లు దాటి, ఇంకా కొంత జాగా ఉండాలి. చిన్న కార్డు ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మీ ఫ్రేములు నేల దగ్గరే తిరుగుతుంటాయి కాబట్టి.

అందుకే "నా కార్డు 80 ఫ్రేములే ఇస్తుంది, నాకు 144 ఎందుకన్నా" అని అడిగితే నేను ఒప్పుకోను. కావాలి తమ్ముడూ. 80 ఫ్రేములు 60 హెర్ట్జ్ తెర మీద పోస్తే ఇరవై ఫ్రేములు బూడిదలో పోసిన పన్నీరు. 144 తెర మీద పోస్తే 80కి 80 కనపడతాయి, ఏది ఎప్పుడు తయారైతే అప్పుడు. పైన జాగా మిగిలిపోతుందని బాధ వద్దు. ఆటలో సెట్టింగ్ ఒక మెట్టు తగ్గించిన రోజున అది అక్కరకొస్తుంది.

ఫ్రేములు పైకప్పు దాటిపోతుంటే ఏం చెయ్యాలి? కొంచెం కిందే ఆపండి. 144 హెర్ట్జ్ అయితే 140 దగ్గర పరిమితి పెట్టండి. ఎప్పుడూ అడాప్టివ్-సింక్ లోపలే ఉంటారు, కార్డు కూడా చల్లగా ఉంటుంది.

సైజు సంగతి. ఇది త్వరగా చెప్పేస్తాను. 24 అంగుళాల్లో 1080పీ అంటే అంగుళానికి 92 పిక్సెల్స్. అదే 1080పీని 27 అంగుళాలకి సాగదీస్తే 82. అక్షరాల అంచులు పళ్ళు పళ్ళుగా కనపడతాయి, దూరంగా ఉన్న శత్రువు నాలుగు చుక్కలైపోతాడు. 27లో 1080పీ నేను ఎవరికీ చెప్పను. 27లో 1440పీ అంటే 109, చూడ్డానికి హాయిగా ఉంటుంది. 32లో 1440పీ అంటే మళ్ళీ 92, అంటే 24 అంగుళాల 1080పీ ఎంత చిక్కగా ఉందో అంతే. 32లో 4కే 138. వెడల్పు తెరలు, 3440 ఇంటూ 1440 ఉన్నాయి కదా, అవి దాదాపు 50 లక్షల చుక్కలు. 1440పీకీ 4కేకీ మధ్యన. కార్డుని ఆ లెక్కన చూసుకోండి.

"4కే మానిటర్ కొనేసి, కార్డు లాగలేనప్పుడు రెజల్యూషన్ తగ్గించుకుంటాను" అంటారు కొందరు. మానిటర్‌లో పిక్సెల్స్ గాజు మీద చెక్కినట్టు ఉంటాయి, మారవు. 1440పీ బొమ్మని 4కే తెర మీద పరిస్తే ఒక్కో చుక్క ఒకటిన్నర చుక్కల మీద పడాలి. అర చుక్క ఎక్కడుంటుంది? పక్కదానితో కలిపి పూసేస్తుంది, బొమ్మ మసకబారుతుంది. ఈ కారణంతోనే, కొన్నేళ్ళ కిందట అయితే నేను మధ్యరకం కార్డుకి 4కే వద్దే వద్దనేవాణ్ణి.

ఇప్పుడు అంత గట్టిగా అనను. అప్‌స్కేలింగ్ వచ్చాక నా అభిప్రాయం మారింది. డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్, ఎక్స్ఈఎస్ఎస్ అని వింటుంటారు కదా. కార్డు చిన్న బొమ్మ గీస్తుంది, దాన్ని తెలివిగా పెద్దది చేస్తుంది. 4కే తెర మీద డీఎల్ఎస్ఎస్‌కో ఎఫ్ఎస్ఆర్‌కో క్వాలిటీ అని పెడితే లోపల గీసేది 1440పీ. పెర్ఫార్మెన్స్ అని పెడితే 1080పీ. ముందటి ఫ్రేముల నుంచి వివరాలు ఏరుకొచ్చి నింపుతుంది కాబట్టి మానిటర్ చేసే పూతకీ దీనికీ పోలికే లేదు. అయితే పెద్ద తెర మీద ఇది ఎంత బాగుంటుందో చిన్న తెర మీద అంత బాగుండదు. 1080పీ తెర మీద క్వాలిటీ పెడితే లోపల గీసేది 720పీ. ఏరుకోవడానికి అక్కడ సరుకే తక్కువ. కాబట్టి 1080పీ తెరకి కార్డుని లెక్కగట్టేటప్పుడు అప్‌స్కేలింగ్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. 4కేకి లెక్కగట్టేటప్పుడు తీసుకోవచ్చు.

ఫ్రేమ్ జనరేషన్ వేరు. రెండు నిజం ఫ్రేముల మధ్య ఒకటో, అంతకంటే ఎక్కువో కల్పించి పెడుతుంది. తెర మీద అంకె పెరుగుతుంది, కదలిక నునుపుగా ఉంటుంది. కానీ మీ మౌస్‌కి స్పందించేది నిజం ఫ్రేములే. 40ని 80 చేసి చూపిస్తే కళ్ళకి 80, చేతికి 40. "ఫ్రేమ్ జనరేషన్ పెడితే నాకు 160 వస్తున్నాయి, 165 మానిటర్ తీసుకోనా" అని అడిగితే, అది ఆపితే ఎంత వస్తోందో ముందు చూడమంటాను.

ప్యానెల్ రకాలు, అంటే తెర తయారైన తీరు. ఐపీఎస్ రంగులు బాగుంటాయి, పక్కనుంచి చూసినా మారవు, చీకటి మాత్రం పూర్తి నలుపు కాదు. వీఏలో నలుపు బాగుంటుంది, కానీ వీటిలో చాలావాటికి చీకటి దృశ్యం కదిలినప్పుడు మసిపూసినట్టు తోక వస్తుంది. ఓలెడ్‌లో ఒక్కో చుక్క తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు అంటే నలుపే, కదలిక కత్తిలా ఉంటుంది. కదలని బొమ్మ రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే గుర్తు మిగిలిపోయే ప్రమాదం దానికుంది. రోజంతా అదే తెర మీద పని కూడా చేసుకునేవాళ్ళకి నేను ఐపీఎస్ చెప్తాను. డబ్బా మీద హెచ్‌డీఆర్ 400 (వెలుగుకీ చీకటికీ తేడా ఎక్కువగా చూపించే ఏర్పాటులో కింది మెట్టు) అని ఉంటే దానికోసం ఒక్క పైసా ఎక్కువ పెట్టకండి. తెరలో ఒకచోట వెలుతురు తగ్గించి ఇంకోచోట పెంచే ఏర్పాటు ఆ మెట్టులో తప్పనిసరి కాదు, అది లేని ఎల్‌సీడీలో హెచ్‌డీఆర్ పెద్దగా తెలియదు.

ఇప్పుడు ఒకబ్బాయి సంగతి చెప్తాను. మంచి కార్డు, 165 హెర్ట్జ్ మానిటర్, నేనే ఎంచి ఇచ్చాను. రెండు నెలల తర్వాత కనపడితే ఎలా ఉంది అన్నాను. "పాతదానికీ దీనికీ తేడా ఏం లేదన్నా" అన్నాడు. మొహంలో బాధ కనపడుతోంది, అన్నాళ్ళు దాచుకుని కొన్నాడు మరి. నాకు మనసొప్పలేదు, వాళ్ళింటికి వెళ్ళాను. విండోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచాను. 60 హెర్ట్జ్ అని ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, రెండు నెలలూ ఆ మానిటర్ 60లోనే నడిచింది. 165 అని మార్చి, మానిటర్ మెనూలో అడాప్టివ్-సింక్ ఆపేసి ఉంటే అది కూడా ఆన్ చేశాను. వాడు మౌస్ ఒక్కసారి కదిపి నా వైపు తిరిగాడు. ఏమీ అనలేదు, మళ్ళీ కదిపాడు, మళ్ళీ కదిపాడు.

మీలో ఎంతమంది ఆ పేజీ ఎప్పుడైనా తెరిచి చూశారు? చేతులెత్తండి. ఇంతేనా? ఇంటికెళ్ళగానే చూడండి, ఈ రాత్రే చూడండి.

తీగ కూడా చూసుకోవాలి. మొట్టమొదట, అది కార్డుకే తగిలించారా? కంప్యూటర్ వెనక పైన నిలువుగా ఉండే రంధ్రాలు మదర్‌బోర్డువి (ప్రాసెసర్ కూర్చునే పెద్ద పలక), కింద అడ్డంగా ఉండేవి కార్డువి. మదర్‌బోర్డుకి గుచ్చితే కార్డు ఉండీ లేనట్టే. రెండోది, ఆ దారిలో ఎంత పడుతుంది? హెచ్‌డీఎంఐ 2.0లో 4కే బొమ్మ పూర్తి రంగులతో 60 హెర్ట్జ్ దాకానే పోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో 4కే 120 పోతుంది, కుదింపు ఉన్న మానిటర్ అయితే ఇంకా పైకి పోతుంది. హెచ్‌డీఎంఐ 2.1లో దారి వెడల్పు 48 గిగాబిట్ల దాకా ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, వినండి. 2.1 అని రాసున్నంత మాత్రాన అంత వెడల్పు ఉండి తీరాలని లేదు. కాబట్టి కొనే ముందు ఒకే ప్రశ్న అడగండి. ఈ రంధ్రంలో గుచ్చితే పూర్తి రెజల్యూషన్‌లో ఎన్ని హెర్ట్జ్ వస్తుంది? మానిటర్ పుస్తకంలో ఆ పట్టిక ఉంటుంది. ఏది వాడాలో తెలియకపోతే కంప్యూటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ వాడండి, డబ్బాలో వచ్చిన తీగతోనే.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

ఆ, అందరికీ వినపడేలా మళ్ళీ చెప్తాను. ఇప్పుడు కార్డు పాతది, మానిటరూ పాతది, ఒక్కటే మార్చగలను, ఏది ముందు మార్చాలి అంటోంది. మంచి ప్రశ్న. మానిటర్ ముందు మార్చమ్మా. ఎందుకంటే ఒక మంచి మానిటర్ రెండు కార్డుల కాలం నిలుస్తుంది. కార్డు మారుతుంది, మానిటర్ అక్కడే ఉంటుంది. నేను ఇందాక చెప్పిన పరీక్ష చెయ్యి, నీ పాత కార్డుతో నీ ఆటలో 1440పీలో సెట్టింగ్స్ తగ్గించుకుని 50 దాటి వస్తాయనిపిస్తే 1440పీ, అడాప్టివ్-సింక్ నేల 48 ఉన్నది తీసుకో. తర్వాత కార్డు మార్చినప్పుడు ఆ మానిటరే పైకి తెరుచుకుంటుంది. ఇప్పుడున్న మానిటర్ ఇప్పటికే 144 అయి, ఫ్రేములు 40 దగ్గర ఇబ్బంది పడుతుంటే మాత్రం కార్డే ముందు.

ఇంకెవరు? వెనక, నీలం చొక్కా. ల్యాప్‌టాప్ ఉంది, దానికి మానిటర్ తగిలించుకోవచ్చా. తగిలించుకోవచ్చు. రెండు చూసుకో. ల్యాప్‌టాప్‌లో ఉన్న కార్డుకీ డెస్క్‌టాప్‌లో ఉన్న కార్డుకీ పేరు ఒకటే అయినా సత్తువ ఒకటి కాదు, కరెంటు తక్కువ తీసుకుంటుంది. కాబట్టి నెట్‌లో డెస్క్‌టాప్ కార్డు ఫ్రేములు చూసి మానిటర్ ఎంచకు, నీ ల్యాప్‌టాప్‌లో నువ్వే కొలుచుకో. రెండోది, మీ ల్యాప్‌టాప్‌లో ఏ రంధ్రం నేరుగా కార్డుకి కలిసి ఉందో చూసుకో. కొన్నిట్లో హెచ్‌డీఎంఐ కార్డుకి కలిసి ఉంటుంది, టైప్-సీ ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌కి కలిసి ఉంటుంది. కొన్నిట్లో తిరగేసి ఉంటుంది. ఎన్విడియా కార్డు అయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో ఏ రంధ్రం దేనికి కలిసిందో బొమ్మ వేసి చూపిస్తుంది. ల్యాప్‌టాప్ తెచ్చావా? తెస్తే ఇటు తీసుకురా, ఈ కుడి మానిటర్‌కే తగిలించి చూద్దాం. మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి ఆ మౌస్ తిప్పి చూడండి.